దేవదారు కప్పు బరువు

మా ఊళ్ళో మంచు కరిగితే ముందు బయటపడేది గడ్డి కాదు, ఎవరి పెరట్లో ఎంత తుక్కుందో అది. ఆ ఏప్రిల్లో బెర్నిస్ లఫాండ్ కొట్టం వెనక నుంచి ఒక మడత బండి బయటపడింది. మూసి ఉంటే పెద్ద పెట్టె, కారు వెనక తగిలించుకుని పోవచ్చు. పిడి తిప్పితే బండి కింద ఇనుప తాడు చుట్టుకుని కప్పు పైకి లేస్తుంది, రెండు పక్కలా పడకలు బయటికొస్తాయి, చుట్టూ కాన్వాసు గోడలు నిలబడతాయి. ఈ బండి తెరిచి చూస్తే మాత్రం ఎలుకల సంసారం, బూజు కంపు, అడుగేస్తే కుంగే నేల.

"తీసుకుపో అమ్మాయ్, నీకు పుణ్యముంటుంది," అంది బెర్నిస్, పక్కింటి ఐలితో. "అయినా ఏం చేసుకుంటావే దీన్ని? కోళ్ళు పెంచుతావా?"

"మా ఆయన్ని పడుకోబెడతా," అంది ఐలి.

ఐలి రౌతియో మాలాగే ఫిన్లండ్ నుంచి వలసొచ్చినవాళ్ళ పిల్ల, మా బడి పిల్లలకు వంట చేసే మనిషి. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. మొగుడు టౌనో అడవిలో దుంగలు లాగే పని చేసేవాడు. కిందటేడు ఒక మేపుల్ చెట్టు పడాల్సిన వైపు పడకుండా అతని మీద పడింది. ఎడమ కాలు మోకాలి కింద పోయింది, ప్రాణం దక్కింది. దక్కినందుకు ఐలి రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకునేది. టౌనో మాత్రం, "దక్కిందేదో నీకు దక్కింది, నాక్కాదు," అని కిటికీ దగ్గర కూచుండిపోయాడు. కట్టుడు కాలు మంచం కింద దుమ్ము పట్టింది.

పెళ్ళైన నాటి నుంచీ వాళ్ళు ప్రతి వేసవిలో సరస్సు ఒడ్డున గుడారం వేసుకునేవాళ్ళు. "ఇప్పుడు నేల మీద పడుకున్నానంటే లేపడానికి క్రేను తెప్పించాలి. ఆ మాటెత్తకు," అనేశాడు టౌనో. ఐలి ఎత్తలేదు. కానీ మడత బండిలో పడక నడుమెత్తున ఉంటుంది, అంచున కూచుని ఒరిగితే చాలు. ఈ వేసవి కూడా కిటికీ దగ్గరే గడిస్తే ఈ మనిషి ఇక దానికే అతుక్కుపోతాడని ఆమె బెంగ. ఆ బెంగతోనే బండిని ఇంటికి ఈడ్చుకొచ్చింది.

బడి నుంచి రాగానే పనిలోకి దిగేది. కప్పు ఎత్తి నాలుగు మూలలా కొయ్యలు ఊతం పెట్టింది. ఎలుకల గూళ్ళు పారతో ఎత్తిపోసింది. పుచ్చిన నేల కోసేసి కొత్త ప్లైవుడ్ పరిచింది. కాన్వాసు బూజుని వెనిగర్ నీళ్ళతో రుద్ది రుద్ది కడిగింది. చిరుగులకు మాసికలు వెయ్యబోతే కుట్టుమిషను సూదులు పుటుక్కు పుటుక్కున విరిగాయి. తిట్లన్నీ బెర్నిస్‌కి రాని ఫిన్నిష్‌లో తిట్టింది కనక సరిపోయింది, లేకపోతే ఆవిడ ఐలితో మాటలు మానేసేదే.

టౌనో కిటికీలోంచి అరిచేవాడు. "ఏమే, ఎలుకలకి కొత్తిల్లు కడుతున్నావా?"

"అవునయ్యా. నీకంటే అవే నయం, బయట నాలుగడుగులు తిరుగుతాయి!"

అన్నీ అయ్యాక కప్పు లోపలి భాగం మిగిలింది, నీటి మరకలతో, ఉబ్బిన అట్టతో. ఇదిగో, ఇక్కడే మా ఫిన్నిష్ వాళ్ళ బుద్ధి అడ్డం తిరిగింది. ఏ గది పాడైనా మాకు తెలిసిన మందొక్కటే, దేవదారు చెక్క. ఆవిరి స్నానాల గది, అదే మా సౌనా, కట్టగా మిగిలిన పలకలు షెడ్డులో ఉండనే ఉన్నాయి. ఐలి వాటిని నున్నగా చిత్రిక పట్టి కప్పంతా కొట్టేసింది. అబ్బ, ఏం వాసన! తన పనికి తనే మురిసిపోయి, మర్నాడు కొయ్యలు తీసేసి, కప్పు దించి, చూద్దువుగాని రమ్మని బెర్నిస్‌ని పిలిచింది.

పిడి తిప్పింది. కప్పు మూలుగుతూ జానెడు లేచింది, మూరెడు లేచింది. అంతలో కింద ఫట్టుమని ఇనుప తాడు తెగింది. కప్పు ధడాలున కూలింది. పాపం, తయారు చేసినవాళ్ళు ఆ కప్పుని అట్టలా తేలిగ్గా చేశారు. ఐలి దాని నెత్తిన సగం సౌనా పెట్టింది మరి.

ఐలి బురదలోనే కూలబడి భోరుమంది. "అయిపోయింది బెర్నిసమ్మా! ఇంక ఆయన ఎక్కడికీ రాడు!"

తలుపు తెరుచుకుంది. టౌనో చంకల్లో కర్రలతో బురద తొక్కుకుంటూ వచ్చి, బండి చుట్టూ ఒకసారి తిరిగి, కప్పు కింద తొంగి చూశాడు.

"ఓసి నీ దుంప తెగ! నా మీద ఒక చెట్టు పడితే చాల్లేదా? మిగతా అడవంతా నేను నిద్రపోయాక పడాలనా?"

ఐలికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "కొత్త తాడు ఎలా ఎక్కించాలో నాకు తెలీదయ్యా. నిజంగా తెలీదు."

టౌనో తెగిన తాడు కొస వేళ్ళతో తిప్పి చూశాడు. బతుకంతా అలాంటి తాళ్ళతోనే దుంగలు లాగినవాడు. "ముందు ఆ పలకలు ఊడబీకు. షెడ్డులో సన్న ఇనుప తాడు చుట్ట ఉంది, పట్రా. మంచం కింద నా కాలు కూడా పట్రా."

కాలు కట్టుకుని, బురద నేల మీద వెల్లకిలా పడుకుని, బండి కిందికి పాకాడు. "క్రేనుకి కబురు పెట్టనా?" అంది బెర్నిస్. "నోర్మూసుకుని దీపం పట్టు!" అన్న కేక వచ్చింది. ఆ సాయంత్రమంతా కప్పీల్లోంచి తాడు ఎక్కిస్తూ ఐలిని తిడుతూనే ఉన్నాడు. "లాగు! ఆపు! ఆపమన్నానా లేదా?" అడవిలో పని చేయించే గొంతు అది, ఏడాదిగా ఆ ఇంట్లో వినపడలేదు. ఎన్ని తిట్టినా తియ్యగానే ఉంది ఆమెకి. పనయ్యాక బండి కొక్కెం పట్టుకుని తనంతట తనే లేచాడు.

జూలైలో సరస్సు ఒడ్డుకి వెళ్ళారు. పిడి టౌనోనే తిప్పాడు. పొద్దున్నే పడక అంచున కూచుని, అలల వైపు చూస్తూ కాఫీ తాగుతూ అడిగాడు.

"నిజం చెప్పు ఐలీ. నన్ను బయటికి లాగాలని ఆ తాడు కావాలనే తెంపావా? బెర్నిస్ ఊరంతా అదే చాటుతోంది."

ఔనంటే ఎంత గొప్ప! కానీ ఐలికి అబద్ధం నోట రాదు. "అంత తెలివి నాకెక్కడిదయ్యా? బుద్ధి గడ్డి తిని దేవదారు కొట్టాను."

టౌనో కాఫీ గ్లాసు పక్కన పెట్టాడు. "బతికించావు. కాలు పోయాక మా అన్న మంచి మోటారు రంపంలో వైరు ఊడదీసి మరీ బాగుచెయ్యమని తెచ్చాడు. పాస్టరు గారు నడిచే గడియారం ఆపేసి తెచ్చారు. బాగుచేశాను, భేష్ అన్నారు. అదంతా నన్ను ఊరడించే నాటకమని నాకు తెలీదనుకున్నారు. అప్పుడే కిటికీ దగ్గర కూచున్నాను. ఆ రోజు నువ్వు బురదలో ఏడుస్తుంటే చూశాను. అది నాటకం కాదు. ఈ ఏడాదిలో నా అవసరం నిజంగా పడింది నీకొక్కదానికే."

"పడిందయ్యా," అంది ఐలి, కళ్ళు తుడుచుకుంటూ. "ఇప్పుడూ పడుతోంది."