లెక్కలోకి రాని మేక

యుంత్సో అద్దం కనబడితే ఊరుకోదు. ఆమె వేసుకునే చుబా అనే పొడవాటి గొర్రెతోలు అంగీ చేతులు వేళ్ళు దాటి జానెడు కిందికి వేలాడతాయి. కుడివైపు అంగీచేతిని పిడికిలి మీదికి లాక్కుని, పై అంచు నుంచి కిందికి తుడుస్తుంది. మూడుసార్లు. నాలుగోసారి తుడవదు. బస్సు కిటికీ, ఆసుపత్రిలో మందులిచ్చే చోటి అద్దం, ఎవరింట్లోనైనా గోడకున్న లామా పటం, ఏదైనా సరే. తుడిచాక ఒక అడుగు వెనక్కి వేసి చూస్తుంది.

"మా ఆయన కళ్ళజోడు మాత్రం ముట్టుకోకక్కా. మసకగా ఉండబట్టే కాపురం నడుస్తోంది" అంటారు మా కాలనీలో ఆడవాళ్ళు.

సోలార్ పలకలు కడిగిన మూడేళ్ళలో వచ్చిన అలవాటది. ఆ మూడేళ్ళూ నేను ఆమె పక్క వరుసలో కడిగాను. నాకు రాలేదు.

ఆమె పుట్టింది ఇప్పుడు పలకలున్న తలా మైదానంలోనే. చిన్నప్పుడు అక్కడ గాలి లేస్తే ఇసుక వచ్చి శీతాకాలపు ఇంటి తలుపును సగం పూడ్చేది. పొద్దున్నే లోపలి నుంచి తోసి, తవ్వుకుని బయటికి రావాలి. పెళ్ళయ్యేనాటికి మొగుడు లుబుంకు రెండు వందల గొర్రెలు. గడ్డి తగ్గేకొద్దీ అవి తగ్గి ఎనభైకి వచ్చాయి. అప్పుడు మేత ఆపమని ప్రభుత్వం కాగితం అంటించింది. మైదానాన్ని కొన్నాళ్ళు వదిలేస్తే తేరుకుంటుందన్నారు. మమ్మల్నందరినీ చబ్చా పట్టణం పక్కన కాలనీ కట్టి దించారు. ఎనభై గొర్రెలూ లారీ ఎక్కాయి. ఆఖరిది ఎక్కనని మొండికేస్తే యుంత్సోయే దాన్ని ఎత్తి ఎక్కించింది. ఈ సంగతి ఆమె చెప్పదు. లుబుం చెప్పేవాడు.

కాలనీలో ఆరేళ్ళు ఏ పనీ లేదు. తర్వాత పలకలొచ్చాయి. ఆ ఏడాది ఆఖరులోపు కరెంటు తీగ కలిపినవాళ్ళకే మంచి ధర అని పై నుంచి కబురొచ్చిందని చెప్పుకున్నారు. లారీ వెనక లారీ వచ్చింది. మూడు నెలల్లో మైదానంలో ఒక మూల నల్లబడింది. తొందరలో పాతినవి కాబట్టి ఆ తొలి వరుసల కాళ్ళు పొట్టి. కింది అంచు మోకాలెత్తుకు మించదు.

పలకల మీద దుమ్ము కూర్చుంటే కరెంటు తగ్గుతుంది. కడగడానికి కాలనీ నుంచి ఆడవాళ్ళను తీసుకున్నారు. ట్యాంకరు ముందు నడుస్తుంది, మేం వెనక బ్రష్షులతో. కడిగిన నీళ్ళు కింది అంచు నుంచి కారి నేలలో ఇంకేవి. వరుసలు గాలిని విరిచేవి. రెండో వేసవికి ప్రతి వరుస కిందా గీత గీసినట్టు గడ్డి లేచింది.

"నలభై ఏళ్ళు ధూపం వేస్తే రాని గడ్డి, మీరు పోసిన మురికినీళ్ళకి వచ్చింది" అన్నాడు లుబుం.

నాలుగో ఏటికి గడ్డి పలకల కన్నా పైకి పెరిగి నీడ పట్టింది. చలికాలం ఎండిపోయి, నిప్పు పడితే ఏం గతి అని కంపెనీవాళ్ళకి నిద్ర లేకుండా చేసింది. యంత్రాలతో కోయించారు. యంత్రం కింద రాళ్ళు ఎగిరి పలకలకు తగిలాయి. అప్పుడు, గొర్రెలు మేపరాదని ఒకనాడు కాగితం అంటించిన బోర్డు మీదే, గొర్రెలున్నవాళ్ళు తోలుకురావచ్చని ఇంకో కాగితం అంటించారు. యుంత్సోకు చదువు రాదు. నా చేత రెండుసార్లు చదివించుకుంది. మర్నాడు కడిగే పని మానేసి పన్నెండు గొర్రెల్ని, ముందు నడవడానికి ఒక మేకపోతుపిల్లనీ తెచ్చుకుంది.

మేక పేరు నల్లచెవి. విత్తు కొట్టించి, మెడకు గంట కట్టింది. గొర్రె దేని వెనకైనా నడుస్తుంది, ముందు మాత్రం నడవదు. నల్లచెవి ఎటు పోతే గంట వెంట మంద అటు పోయేది.

ఆ మరుసటి ఏడు లుబుంకు ఊపిరితిత్తులు చెడ్డాయి. ఒక ప్రాణాన్ని వదలమని లామా చెప్పాడు. వదిలితే మంచిదాన్నే వదలాలి. యుంత్సో నల్లచెవి చెవికి ఎర్రదారం కుట్టి, లుబుం పేరు చెప్పి వదిలింది. అలా వదిలిన జీవాన్ని మాలో ఎవరూ అమ్మరు, కోయరు, కొట్టరు. అది మందతోనే తిరుగుతుంది. కానీ నీకెన్ని ఉన్నాయని అడిగితే దాన్ని కలిపి చెప్పరు. అది ఎవరిదీ కాదు.

వసంతంలో లుబుం పోయాడు. మేక మిగిలింది.

కంపెనీ కాగితంలో మేకలు వద్దని ఉంది. మేకలు ఎక్కుతాయి, తీగలు కొరుకుతాయి. యుంత్సో దానికి వేలిముద్ర వేసింది. కంచె సరిగా లేని అంచు దిక్కున ఆమె కొన్నేళ్ళు మేపింది, అక్కడ అడిగినవాడు లేడు. ఈ ఏడు మంద నలభై రెండయింది. ఆమెకు లోపల పెద్ద దిక్కు ఇచ్చారు. గేటుంది. గేటు దగ్గర గెంగ్ అనే మనిషి పుస్తకం పట్టుకుని కూర్చుంటాడు.

మొదటి రోజు గెంగ్ అడిగాడు. "ఎన్ని, పెద్దమ్మా?"

"నలభై రెండు."

గెంగ్ పెన్నుతో గాల్లో పొడుస్తూ లెక్కపెట్టాడు. "నలభై మూడొచ్చాయి."

"మళ్ళీ చూడు."

"చూస్తే తగ్గుతాయా? ఆ ముందున్నదానికి గడ్డముంది."

"నీకూ ఉంది. నిన్ను కలిపానా?"

"అది మేక, పెద్దమ్మా."

"లుబుం పేరున వదిలిన జీవమది. చెవికి దారం చూడు. నాది కాదు. నాది కానిదాన్ని నా లెక్కలో చెబితే అబద్ధమాడినట్టు కాదూ?"

"మరి నన్నేం రాయమంటావు?"

"గాలి కూడా లోపలికి పోయింది. రాశావా?"

గెంగ్ తల గోక్కుని నలభై రెండని రాశాడు. ఆమె తమాషాకు అనలేదని అతనికి అర్థమైంది. తర్వాత అతనే నాతో చెప్పాడు.

ఎనిమిది రోజులు ఏమీ జరగలేదు. ఆ దిక్కులో కొత్త వరుసలు మనిషి భుజమంత ఎత్తు. గొర్రెల కోసమే పెంచారు. అయితే చివర్లో ఆ తొలినాటి పొట్టి వరుసలు ఇరవై దాకా ఉన్నాయి. తొమ్మిదో రోజు మధ్యాహ్నం నల్లచెవి వాటి దాకా పోయింది. దక్షిణానికి వాలి, ఎండకు వెచ్చబడిన బండ అనుకుంది కాబోలు. యుంత్సో తలెత్తేసరికి అది పలక మీద నిలబడి మైదానం చూస్తోంది.

దాన్ని దించింది. అద్దం మీద గిట్ట పడిన చోట సాలెగూడు లాంటి పగులు. ఆమె అంగీచేతిని పిడికిలి మీదికి లాక్కుని తుడిచింది. మూడుసార్లు. తర్వాత మందను తోలుకుని గేటు దగ్గరికొచ్చి, ఇంజనీరు ఎక్కడున్నాడని గెంగ్‌ని అడిగింది.

"ఎందుకు?"

"పలక పగిలింది. చెప్పాలి."

"ఎవరు చూశారు? వడగళ్ళు పడ్డాయనుకుంటారులే."

"వడగళ్ళకి గిట్టలుంటాయా?" అని ఆమె ఆఫీసు వైపు నడిచింది.

ఇంజనీరు బై ఆ దిక్కుకంతా పెద్ద. మాటలో కరుకు లేదు, మెత్తనా లేదు. టోపీ తీసి బల్ల మీద పెట్టి విన్నాడు.

"మేక లోపలికెలా వచ్చింది?"

"నడిచి."

"కాగితం మీద వేలిముద్ర ఎవరిది?"

"నాదే."

"మేకలొద్దని ఉంది కదా."

"నా మేకలొద్దన్నారు. అది నాది కాదు." ఆమె లుబుం సంగతి, దారం సంగతి చెప్పింది. బై మధ్యలో అడ్డురాలేదు.

"పలకకి ఇదంతా తెలీదు కదక్కా" అన్నాడు చివరికి. "ఎవరి గిట్టయినా పగులుతుంది."

ఆమె కిటికీ వైపు చూసింది. తుడవలేదు.

పగిలినదానికి ఏమీ అడగనని బై చెప్పాడు. మేక మళ్ళీ లోపలికి రాకూడదు. గొర్రెలు రావచ్చు. కాని రావాలి. గడ్డి ఎండిపోయింది, నిప్పు భయం మొదలైంది, ఆ దిక్కు కోసం ఇంకో ఇద్దరు అడుగుతున్నారు. "రేపొక రోజు, ఎల్లుండి పొద్దున ఇంకోసారి. అప్పటికీ మంద దిగకపోతే వేరేవాళ్ళని పిలవక తప్పదు."

మర్నాడు నల్లచెవిని ఇంటి దగ్గర కట్టేసి మందను తెచ్చింది. మేం నలుగురం సాయం వెళ్ళాం. గేటు దాటాక గొర్రెలు ఆగిపోయాయి. పొద్దుటెండలో వరుసల నీడలు దారికి అడ్డంగా నల్లగా పడి ఉన్నాయి. గొర్రెకు అది గొయ్యి. మేం వెనక నుంచి అదిలించాం, ఈలలు వేశాం. మంద ఉండలా చుట్టుకుంది తప్ప కదల్లేదు. ఒకదాన్ని నేను మోసుకెళ్ళి నీడలో దించితే నాకన్నా ముందు వెనక్కి వచ్చింది.

"మీరే మేసేయండి, తొందరగా అవుతుంది" అన్నాడు గెంగ్.

ఎవరం నవ్వలేదు. మధ్యాహ్నం దాకా చూసి తిరిగొచ్చాం.

ఆ సాయంత్రం ఆమె ఇంట్లో పిడకల పొయ్యి చుట్టూ కూర్చున్నాం. ఉప్పు టీ పోసింది. ఎండుగడ్డి ఎక్కడా దొరకని ఏడాది. లోపలి మేత పోతే మందను అమ్ముకోవడమొక్కటే దారి, అది మాకందరికీ తెలుసు. చబ్చా గొర్రెల బేరగాడికి కూడా తెలిసింది. ఫోన్ చేసి లారీ ఎప్పుడు పంపమంటావన్నాడు. రేపు మధ్యాహ్నం చెబుతానంది.

"మేకని మఠానికి ఇచ్చెయ్యక్కా" అన్నాను. "అక్కడ వదిలిన జీవాలు చాలా ఉన్నాయి. దానికే లోటూ ఉండదు."

"దానికుండదు. వీటికి దారెవరు చూపిస్తారు?"

"లారీ రమ్మంటే మరి?"

ఆమె టీ గిన్నెలోకి చూసింది. "ఇంకోసారి నేను ఎత్తి ఎక్కించను" అంది.

గిన్నెలో పేలపిండి వేసి, వేలితో కలిపి, ముద్ద చేసింది. తినకుండా లేచి దొడ్లోకి వెళ్ళింది. నల్లచెవి ఆమెను చూసి లేచి నిలబడింది. మెడలో గంట రెండుసార్లు మోగింది. కంచె లోపల పడుకున్న నలభై రెండూ ఒక్కసారి తలలెత్తాయి. ఆమె ముద్ద మేకకు పెట్టింది.

మర్నాడు పొద్దున్నే యుంత్సో నల్లచెవి మెడ నుంచి గంట విప్పింది. తోలుపట్టీకి మేక వాసన ఉంది, కడగలేదు. చుబా నడికట్టుకు, మేక మెడ ఎత్తులో ఉండేలా కిందికి వేలాడదీసి కట్టుకుంది. మేకను తాడుతో పట్టుకుని, మంద ముందు నడుస్తూ గేటుకొచ్చింది. గెంగ్ గది పక్కనున్న గుంజకు మేకను కట్టి, ముందు చారెడు గడ్డి వేసింది.

గెంగ్ గాల్లో పొడుస్తూ లెక్కపెట్టాడు. "నలభై రెండు." తర్వాత ఆమె నడుము వైపు చూశాడు. "గంట కట్టుకున్నదాన్ని కలపనా, పెద్దమ్మా?"

"కలుపుకో. నన్నెవరూ వదల్లేదుగా."

అతను నలభై మూడని రాశాడు. పుస్తకంలో ఇప్పటికీ అలాగే ఉంది.

పుట్టిన దగ్గర్నుంచి ఆమె మంద వెనకే నడిచింది. వెనక నడిస్తే అన్నీ కనిపిస్తాయి. ముందు నడిస్తే వినడమే. మొదటి నీడ దగ్గర దాటబోకుండా, దాని మీద కాలు పెట్టి నడిచింది. గంట మోగింది. వెనక చప్పుడు లేదు. రెండో నీడ. మూడోది. చేతిలో కర్ర లేదు, ఈల వేయలేదు. నాలుగో నీడలో ఉండగా వెనక ఒక గిట్ట చప్పుడు వినిపించింది. తర్వాత నాలుగైదు. తర్వాత లెక్కకు అందలేదు.

ఆమె తిరిగి చూడలేదు. నల్లచెవి ఎప్పుడూ తిరిగి చూసేది కాదు.

గేటు దగ్గర మేక అరిచింది. మందలో ఒకటి ఆగి తల తిప్పింది. యుంత్సో గంటను చేత్తో ఒకసారి కదిపి, నడిచింది.