ఏటి ఇసుకలో అమావాస్య మధ్యాహ్నం

మా ధర్మవరంలో అమావాస్య నాడు మగ్గం కదలదు. ఆ మధ్యాహ్నం మగవాళ్లు నిద్రపోతారు, ఆడవాళ్లు నెలంతా ఆగిపోయిన ఇంటిపనులు చేసుకుంటారు. నేతవాళ్ల సెలవంటే అంతే. ఆ అమావాస్యకు మాత్రం అమ్మ అంట్లు అట్లాగే వదిలేసి, "ఏట్లోకి పోదాం రా" అంది. నాకు నవ్వొచ్చింది. చిత్రావతిలో చూడ్డానికేముంది, ఇసుక, కంప చెట్లు తప్ప? అయినా లేచాను. ఇంట్లో ఊపిరాడటం లేదు.

ముందురోజే నాయన అన్నం దగ్గర తేల్చేశాడు. "మీ అమ్మ నడుం పడిపోయింది. ఎల్లుండి మగ్గం మీదికి కొత్త పడుగు ఎక్కుతాది. ఇంగ నువ్వే కూచోవాల పాపా." మా చీరకు అంచొక రంగు, ఒంటికొక రంగు. అందుకని మగ్గం కింది గుంటలోకి కాళ్లు వేలాడేసుకుని ఒకే పలక మీద ఇద్దరు కూచోవాలి. నాయన ఒకవైపు నుంచి పోగు తీసుకుపోయే నాడె విసిరితే, పక్కమనిషి అంచు దగ్గర అందుకోవాలి. ఒకరు లేస్తే రెండోవాళ్ల చెయ్యి ఆగిపోతుంది. పెళ్లైనప్పటి నుంచీ అమ్మ ఆ పలక మీదే ఉంది. నాకేమో అనంతపురం కాలేజీలో సీటు వచ్చింది, చేరడానికి గడువు ఆ వారంతో సరి. నాయన చెడ్డవాడైతే తిట్టుకునైనా బయటపడేదాన్ని. అమ్మ మీద జాలితోనే అడిగాడు, అదే నా ఖర్మ.

కంపల కింద వంగి వంగి నడిచాం. అమ్మ తడుముకోకుండా ఒక నల్లబండ వెనక్కి తీసుకుపోయింది. బండ నీడలో కాసిన్ని నీళ్లు నిలిచి ఉన్నాయి. వాటిలో చేపపిల్లలు, మీద తూనీగలు. ఇన్నేళ్లు ఇంత దగ్గర ఉండి, ఇక్కడ నీళ్లున్నాయని మా వీధిలో ఎవరూ అనగా వినలేదు. కాళ్లు పెడితే చల్లగా ఉంది. కాసేపు డిగ్రీ, మగ్గం రెండూ మరిచిపోయాను.

"ఈ చోటు నీకెట్ల తెలుసు?"

"పెండ్లైన కొత్తలో ఏడ్చేకి వస్తాంటి" అంది, ఉప్పు కోసం అంగడికి పోయినట్టు మామూలుగా.

"తర్వాత?"

"తర్వాత ఏడ్చేకి తీరిక యాడిది?"

ఒళ్లు మండిపోయింది. "అయితే నేను యాడ ఏడ్చాల్నో చూపిచ్చేకి పిల్చుకొచ్చినావా?" అని విసురుగా లేచి, ముందు వెనకా చూడకుండా నడిచాను. కంప అవతల ట్రాక్టర్లు ఇసుక తోడుకుపోయిన గుంట ఉంది. అంచున కాలు పెట్టగానే జర్రున అడుక్కి పోయాను. వెనకే వచ్చి నన్ను పట్టుకోబోయి అమ్మా జారింది.

దెబ్బలేం తగల్లేదు, నవ్వుకున్నాం కూడా. పైకెక్కబోయాక నవ్వు పోయింది. చెయ్యి పెట్టిన చోటల్లా ఇసుక విరిగి మీద పడుతోంది. ఫోను ఇంట్లో ఉంది. అరిచి అరిచి గొంతు పోయింది గానీ ఎవరూ పలకలేదు. ఎండకు తల తిరుగుతోంది. అక్కడే చచ్చిపోతామని నేను భయపడలేదు. రేపు కూడా ఇట్లాగే గుంటలో, ఎల్లుండి కూడా ఇట్లాగే, అనుకుంటే భయమేసింది. పైకే అనేశాను.

"నేను మగ్గంలో కూచోనమ్మా. నా చేత కాదు."

అమ్మ చీర దోపుకుని ఇసుక గోడకు ఆనుకుని వంగింది. "నా భుజాలెక్కు."

"నీ నడుం..."

"ఎక్కమంటాండా కదా."

ఎక్కాను. కింద ఆమె మూలుగుతూనే లేచి నిలబడింది. నేను కంప వేళ్లు పట్టుకుని, అరచేతులు చీరుకుపోతున్నా పాకి గట్టున పడ్డాను. వెనక్కి తిరిగి చూస్తే అమ్మ కాలు మెలిపడి కింద కూలబడి ఉంది.

పరుగెత్తి నాయనను పిలుచుకొచ్చాను. తాడు వేసి లాగాడు. చీలమండ అప్పటికే వాచిపోయింది. దారంతా ఆమెను వీపు మీద మోసుకొచ్చాడు. మంచం మీద దించాక తల గోక్కుంటూ అన్నాడు. "ఇంగేం చేసేది పాపా. కాలు బాగయ్యేదాకా నువ్వే కూచో."

తల ఊపాను. నన్ను పైకెక్కించబోయి అమ్మ మంచాన పడింది, ఏ మొహంతో కాదంటాను? ఇసుకలోంచి బయటపడ్డానే గానీ, ఆ గుంటలో కూడా నాకు అంత ఇరుకు అనిపించలేదు.

తెల్లవారి స్నానం చేసి మగ్గం దగ్గరికి వెళ్లేసరికి పలక మీద అమ్మ కూచుని ఉంది. కట్టు కట్టిన కాలు గుంటలోకి వేలాడేసుకుంది. గోడలు పట్టుకుని ఎప్పుడొచ్చిందో. పక్కన నాయన తల వంచుకుని పోగులు సవరిస్తున్నాడు.

"లెయ్ అమ్మా" అన్నాను.

అమ్మ నా వైపు చూడలేదు. చెయ్యి చాచి నాడె అందుకుంది.

"ఈడ ఇద్దరికే చోటు" అంది. "పో, బస్సు పోతాది."