ఫ్రిజ్‌లో చలికాలం

గురప్ప పొద్దున్నే లేచి, కాఫీ కూడా తాగకుండా, ఒక చేతిలో పాత అట్లకాడ, ఇంకో చేతిలో పెయింటు డబ్బా పట్టుకుని పెరట్లోకి వెళ్తాడు. తడి గోడ మీదా కుండీల అంచుల మీదా కడుపునిండా మేసిన నత్తలు అంటుకుని ఉంటాయి. ఒక్కొక్కదాన్నీ అట్లకాడతో మెల్లగా గీరి, "ఏమనుకోవద్దప్పా" అని చెప్పి మరీ డబ్బాలోని ఉప్పునీళ్ళలో వేస్తాడు.

"ఈపొద్దు ఎంతమందిని చంపితివి?" అని వంటింట్లోంచి భార్య కెంపమ్మ అడుగుతుంది.

"నలుగురినే."

గురప్పది బెంగళూరులోని బొమ్మనహళ్ళి. ముప్పై ఏళ్ళుగా అక్కడి గార్మెంట్ యూనిట్‌లోనే కటింగ్ మాస్టరు. ఇంటి వెనక గోడకూ కాంపౌండుకూ మధ్య పన్నెండడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు నేల ఉంది. ఒకప్పుడు అక్కడ కెంపమ్మ కనకాంబరాలూ మల్లెలూ పూయించేది. తూర్పున పక్కింటివాళ్ళు పెంకుటిల్లు పడగొట్టి అయిదంతస్తులు లేపాక, పొద్దుటి ఎండ వాళ్ళ గోడ దగ్గరే ఆగిపోయింది. మల్లె పూయడం మానేసింది, తర్వాత ఆకులు రాల్చింది. కనకాంబరాలు ఒక్కొక్కటే పోయాయి. చివరి మొక్కను వేళ్ళతో సహా పీకి పారేసిన రోజు నుంచి కెంపమ్మ పెరట్లో కాలు పెట్టలేదు. పూలు మూరల లెక్కన వీధిలో కొనుక్కోవడం మొదలుపెట్టింది.

"ఈ చీకటి గుంతలో ఏదీ బతకదు. సిమెంటు వేయించేద్దాం" అంది.

గురప్ప ఒప్పుకోలేదు. పగలంతా బట్ట పట్టిన చేతులు సాయంత్రం కాసేపు మన్ను పట్టకపోతే ఆయనకు ఆ రోజు గడిచినట్టే ఉండదు.

రెండేళ్ళు అలాగే గడిచాక, మేడమీది గదిలో అద్దెకుండే స్టాన్లీ ఊటీ వెళ్ళొచ్చాడు. గుంటూరు అబ్బాయి, హూడిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వస్తూ వస్తూ చిన్న కుండీ ఒకటి తెచ్చి గురప్ప చేతిలో పెట్టాడు.

"హోస్టా అంటారు అంకుల్. దీనికి షేడే కావాలి. డైరెక్ట్ ఎండ పడితే ఆకులు మాడిపోతాయంట."

"ఎండ వద్దంటాదా?"

"వద్దంటుంది."

"నిజంగానా అప్పా?" గురప్ప మూడోసారి కూడా అడిగాడు.

వానాకాలం వచ్చేసరికి ఆ మొక్క కుండీ కనబడకుండా పరుచుకుంది. అరచేయి కంటే పెద్ద ఆకులు, నీలం కలిసిన పచ్చ, చుట్టూ మీగడ రంగు అంచు. గురప్ప ఒక ఆకును వేలితో తడిమి, "ఏ మాస్టరు వేసిండాడో ఈ పైపింగు! ఒక్క నూలు తేడా లేదు" అని మురిసిపోయాడు. కెంపమ్మ గడప లోపలి నుంచే చూసి, "ఊటీ ఆకు" అని పేరు పెట్టింది. దిగి రాలేదు.

నవంబరు చివర్లో ఆకులు పసుపుపచ్చగా మారాయి. పది రోజుల్లో అన్నీ వాలిపోయాయి.

"చెప్తినా లేదా?" అంది కెంపమ్మ. ఆ గొంతులో గెలిచిన సంతోషం లేదు. మేస్త్రీ మారప్పకు అప్పుడే ఫోన్ చేయబోయింది.

"ఉగాది దాకా ఆగవే. అప్పటికి మొలక రాకుంటే ఇసుక నేనే మోస్తా."

"ఉగాదికి ముందర ఆదివారం వాడు వస్తాడు. మాట మార్చకూడదు."

ఆ సాయంత్రం స్టాన్లీ మెట్ల మీద కూర్చుని ఫోన్‌లో చాలాసేపు చదివాడు. "చచ్చిపోలేదు అంకుల్, నిద్రపోతోంది. దాని ఊళ్ళో నెలల తరబడి మంచు. ఆ చలి తగిలితేనే మళ్ళీ లేస్తుందంట. మన బెంగళూరు చలి సరిపోదు."

"సరిపోదా! నేను స్వెటరేసుకొని తిరగతాండా కదప్పా!"

"మీకు సరిపోతుంది అంకుల్. దానికి ఫ్రిజ్ కావాలి."

ఆ ఇంట్లో ఫ్రిజ్ కెంపమ్మ రాజ్యం. దోసెపిండి, పెరుగు, తడిగుడ్డలో చుట్టిన పూలు, దేని చోటు దానిదే. గురప్ప హోస్టా దుంపను కడిగి, కొబ్బరిపీచులో చుట్టి, చిల్లులు పొడిచిన కవర్లో పెట్టుకుని ఆమె ముందు నిలబడ్డాడు.

"దోసెపిండి పక్కన మన్ను పెడ్తావా?"

"మన్ను యాడుండాది? నువ్వు బియ్యం కడిగేదానికంటే మూడు నీళ్ళు ఎక్కువే పోసినా."

"పీనుగును పెట్టినట్ల ఫ్రిజ్‌లో పెడ్తాండావు. వాసన వచ్చిందంటే బయట పారేస్తా, చూడు." కసురుకుంటూనే కింద కూరగాయల ట్రేలో ఒక మూల ఖాళీ చేసింది.

పని నుంచి రాగానే గురప్ప చెప్పులైనా విప్పకుండా ఫ్రిజ్ తెరిచి పొట్లాన్ని నొక్కి చూసేవాడు. గట్టిగా ఉంటే బతికున్నట్టు, మెత్తబడితే కుళ్ళినట్టు. జనవరి దాకా గట్టిగానే ఉంది. అప్పుడొక పొద్దున స్టాన్లీ ఆఫీసుకు దిగుతూ మెట్ల మీదే ఆగాడు.

"అంకుల్, ఒక మాట మర్చిపోయా. పక్కన ఆపిల్స్ గాని ఉన్నాయా? ఆ పళ్ళ గ్యాస్‌కి లోపలి మొగ్గ చచ్చిపోతుందంట."

ఆ ట్రేలోనే ఆరు ఆపిల్ పళ్ళున్నాయి. డాక్టరు చెప్పాడని కెంపమ్మ రోజుకొకటి తింటుంది. ఒక మూల ఇచ్చిన మనిషిని ట్రే అంతా ఎలా అడగడం? పనికి అప్పటికే ఆలస్యమైంది, సాయంత్రం అడుగుదామని గురప్ప వెళ్ళిపోయాడు. రోజంతా అడగాల్సిన మాటలే కూర్చుకుంటూ, ముప్పై ఏళ్ళలో మొదటిసారి ఒకే చొక్కాకు రెండు కుడిచేతులు గీశాడు. పక్కవాళ్ళు నవ్వితే తనూ నవ్వి చెరిపేశాడు.

సాయంత్రం వచ్చి ఫ్రిజ్ తెరిచాడు. ట్రేలో పొట్లం, కొత్తిమీర కట్ట తప్ప ఇంకేమీ లేవు. ఆపిల్ పళ్ళు ఫ్రిజ్ పైన స్టీలు గిన్నెలో ఉన్నాయి.

పొయ్యి దగ్గరున్న కెంపమ్మ వెనక్కి తిరగలేదు. "మెట్ల మీద మాట్లాడితే వంటింట్లోకి వినపడదా? తలుపు మూయప్పా, చల్లదనం పోతాది."

ఫిబ్రవరి నడుమ గురప్ప దుంపను తీసి మళ్ళీ కుండీలో నాటాడు. వారం గడిచింది, నాలుగు వారాలు గడిచాయి. కుండీలో మన్నే కనబడుతోంది. గడువు ఆదివారం రానే వచ్చింది. ఆ పొద్దున ఆయనకు కుండీ వైపు చూసే ధైర్యం కూడా లేకపోయింది.

మారప్ప టేపుతో దిగాడు. ఇచ్చిన మాట కాబట్టి రెండో కొస గురప్పే పట్టుకున్నాడు. నీళ్ళు ఎటు పోవాలో కెంపమ్మ గడప దగ్గర నుంచి చెప్పింది. మారప్పకు అర్థం కాలేదు. ఆమె విసుక్కుని, కొంగు దోపి, మూడేళ్ళ తర్వాత పెరట్లోకి దిగింది.

"ఇట్ల వాలు పెట్టల్ల. ఈ మూల నుంచి ఆ..." చూపిస్తున్న చేయి అలాగే ఆగిపోయింది. అడ్డంగా ఉన్న కుండీని మారప్ప కాలితో జరపబోతున్నాడు.

"కాలు తీయప్పా! తీయి!"

మారప్ప ఎగిరి గంతేశాడు. "పామా అక్కా?"

కెంపమ్మ అప్పటికే కుండీ ముందు చతికిలబడింది. మన్ను చీల్చుకుని ఊదారంగు మొనలు, చెక్కిన పెన్సిళ్ళలా. "ఒకటి, రెండు... ఇదో, పీచు కింద ఇంకొకటి. మూడుండాయప్పా!"

గురప్ప టేపు వదిలేశాడు. కళ్ళు తుడుచుకుంటూ పకపకా నవ్వాడు.

"అయితే సిమెంటు?" అన్నాడు మారప్ప.

"సిమెంటు మీ ఇంట్లో వేసుకో పో. కాఫీ తాగి పో."

"ఆదివారం పూట మొలక చూసేదానికి పిలిచినారా నన్ను!" అని గొణుగుతూ అతనూ వంగి చూశాడు.

ఇది జరిగి రెండేళ్ళయింది. ఆ దుంప నుంచి విడదీసినవీ, స్టాన్లీ మళ్ళీ తెచ్చినవీ కలిపి ఇప్పుడు పదకొండు కుండీలున్నాయి. కిందటి ఏడాది గురప్ప ఒక పాత చిన్న ఫ్రిజ్ కొన్నాడు. అది నడవలో ఉంటుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా దాంట్లో హోస్టాలుంటాయి. మిగిలిన తొమ్మిది నెలలూ దాన్ని ఆపేసి, కెంపమ్మ పైన ఇస్త్రీ బట్టలు పెట్టుకుంటుంది.