సాయమ్మ నడుం నొప్పి

ఆత్మకూరులో ఏ ఇంట బాలింత ఉన్నా, ఎవరి మెడ పట్టేసినా సాయమ్మకే కబురు వెళ్తుంది. గోరువెచ్చని ఆముదంతో ఆమె మాలిష్ చేస్తే ఎంత గయ్యాళి అయినా గుర్రు పెట్టాల్సిందే. పని మొదలుపెట్టే ముందు అరచేతులు నేలకు ఆనించి, "ఎల్లమ్మ తల్లీ, చెయ్యి నాది, సత్తువ నీది" అని మొక్కుకుంటుంది.

ఈ పని నేర్పింది అత్త రంగమ్మ. దాంతోపాటు ఒక కట్టుబాటూ అప్పజెప్పింది. నొప్పి ఉన్న మనిషి నోరు తెరిచి అడగాలి. అడగకుండా ముడితే ఎల్లమ్మ ఆ చేతిలోకి రాదు. పసిపిల్లలకు మాత్రం ఏడుపే అడగడం.

అత్త ఉన్నన్నాళ్లూ అడగడానికి సాయమ్మకు మొహమాటమే లేదు. పొద్దుగూకగానే చాప మీద బోర్లా పడి, "అత్తా, జర నడుం వట్టు" అని గారాలు పోయేది. రంగమ్మ పోయాక ఆ నడుం మీద ఇంకో చెయ్యి పడలేదు. ఊరందరి ఒళ్లూ పిసికే మనిషి ఒక్క చేతి కోసం మొహం వాచిపోయింది.

అట్లాగని చెయ్యి లేక కాదు. కోడలు ఉమకు తనే అన్నీ నేర్పింది. కానీ ఊరి నొప్పులు తీసే తను కోడలి ముందు మూలగడమా? అందుకే అడగదు. ఉమ కంటపడేలా నడుం పట్టుకుని లేస్తుంది, బిందె దబీమని దించుతుంది. ఉమ ఒకసారి చూసి లోపలికి వెళ్లిపోతుంది. సాయమ్మకు కడుపు మండిపోతుంది.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి పక్కింటి లక్ష్మి తమ అరుగు మీదే ఉమ చేత మెడ పట్టించుకుంటోంది. లక్ష్మి వెళ్లేదాకా సాయమ్మ పళ్లు బిగబట్టుకుంది.

"ఊరోళ్లందరికీ ఉంది నీ చెయ్యి. నేనేం పాపం జేసిన?"

ఉమ తెల్లబోయింది. "అడగంది ముట్టొద్దని నువ్వే చెప్తివి గద అత్తమ్మా! నువ్వెప్పుడడుగుతవా అని రోజూ నూనె ఎచ్చజేస్తున్న. అది సల్లారిపోతున్నది."

సాయమ్మ చాప తనే పరిచి బోర్లా పడుకుంది.

"నొస్తుంది బిడ్డా. జర వట్టు."

ఉమ నేలకు మొక్కి నడుం మీద చెయ్యి వేసింది. మంచి చెయ్యే. కానీ రంగమ్మది కాదు. ఆ చెయ్యి ఇక రాదని సాయమ్మకు ఆ క్షణాన తెలిసొచ్చి ఏడుపు తన్నుకొచ్చింది.

ఉమ భయపడి ఆగింది. "గట్టిగ ఒత్తిన్నా అత్తమ్మా?"

"లేదు బిడ్డా," అంది సాయమ్మ. "చెయ్యి తియ్యకు."