అడిగి వెళ్ళిందా, చెప్పి వెళ్ళిందా

వకీలుగా నా ప్రాక్టీసు చివరి సంవత్సరాల్లో, వకీలును పెట్టుకోకుండా తమ కేసు తామే చెప్పుకునేవాళ్ళకు సాయంగా కోర్టు నన్ను నియమించింది. కొన్నాళ్ళు గుడివాడ, కొన్నాళ్ళు బందరు, చివరికి దివిసీమ. వాళ్ళ తరఫున వాదించడం నా పని కాదు. కోర్టు అడిగేది వాళ్ళకీ, వాళ్ళు చెప్పేది కోర్టుకీ అర్థమయ్యేలా చూడాలి. జవాబు మాత్రం అందించకూడదు. రోజూ సాయంత్రం డైరీ రాసే అలవాటు కాబట్టి, ఆ రోజు ఏం చేశానో ఒక్క వాక్యంలో రాసి పెట్టుకునేవాణ్ణి. దివిసీమలో ఒక దారి కేసు దగ్గర మాత్రం ఆ వాక్యం కుదరలేదు. ఇప్పటికీ కుదరలేదు.

ఆ కేసు వేసినావిడది నాగాయలంక దాటాక కాలవ పక్కన ఊరు. భర్త చిన్న పడవ మీద వేటకి వెళ్తాడు. తెల్లారి పడవ రేవుకి రాగానే ఆవిడ చేపల తట్ట నెత్తికెత్తుకుని, పక్కింటి దొడ్లోంచి అడ్డంగా రోడ్డెక్కి, ఐసుపెట్టెలతో వచ్చే ఆటోకి అందించాలి. పాతికేళ్ళ కిందట కాపరానికి వచ్చిన దగ్గర్నుంచీ అదే దారి. పక్కింటివాళ్ళు కొత్తగా స్లాబు ఇల్లు కట్టి దొడ్డి చుట్టూ ప్రహరీ లేపడం మొదలుపెట్టారు. గోడ పూర్తయితే ఈవిడ కాలవ గట్టంతా చుట్టి రావాలి. వానాకాలంలో గట్టు మీద కాళ్ళు దిగబడతాయి. ఆటో ఎవరి కోసమూ ఆగదు.

చట్టం చెప్పేది ఇది. ఒకరి స్థలంలోంచి ఇరవై ఏళ్ళపాటు బాహాటంగా, అనుమతి అడక్కుండా, హక్కుగా నడిస్తే ఆ దారి మీద హక్కు వస్తుంది. అనుమతి అడిగి నడిస్తే ఎన్నేళ్ళు నడిచినా రాదు. ఆవిడ మొదట పెట్టుకున్న వకీలు దావాలో ఆ ప్రకారమే రాసి దాఖలు చేశాడు. తర్వాత చదివి వినిపిస్తే ఆవిడకి కోపమొచ్చింది. "అడక్కుండా ఒకరి దొడ్లోంచి వెళ్తామా? మమ్మల్ని ఏమనుకున్నారు?" అని ఆయన్ని మాన్పించేసింది. అలా నా దగ్గరికి వచ్చింది.

సాక్ష్యం రోజున పక్కింటావిడ తరఫు వకీలు మెత్తగా మొదలుపెట్టాడు.

"దొడ్లోంచి వెళ్ళేటప్పుడు ఏమైనా అనేవారా అమ్మా?"

"అంటాను కదండీ. వెళ్తున్నా వదినా, అంటాను."

"ఆవిడేమనేది?"

"వెళ్ళిరా అనేది. ఒక్కోసారి ఇవాళేం పడ్డాయే అని తట్టలో చెయ్యి పెట్టేది."

వెనక బెంచీ మీద కూర్చున్న పక్కింటావిడ, "చూశానంతే. ఒక్క రొయ్యైనా తీసుకున్నానేమో చెప్పమనండి," అని గొణిగింది.

"అంటే, అడిగే వెళ్ళేవారన్నమాట."

"మరి? అడక్కుండా వెళ్తే దొంగల్లా ఉండదూ?"

వకీలు ఇంకేమీ అడగక్కర్లేదన్నట్టు కూర్చున్నాడు. తన దారిని తనే మూసేసుకున్నానని ఆవిడకి తెలియలేదు. మర్యాదగా జవాబు చెప్పానన్న తృప్తితో నా వైపు చూసింది.

జడ్జిగారు కలం పక్కన పెట్టి నాతో అన్నారు. "ఆవిడ అడగడం అంటున్నది అనుమతి అడగడమా, చెప్పి వెళ్ళడమా? కాస్త కనుక్కోండి."

లేచి నిలబడ్డాను. అనుమతి తీసుకునేవారా అంటే, మర్యాద పోతుందని అవునంటుంది. చెప్పి వెళ్ళేవారా అన్నా అవుననే అంటుంది. మొదటి మాటతో గోడ లేస్తుంది, రెండో మాటతో ఆగుతుంది. ఏది ఎంచుకున్నా తీర్పు నేనే రాసినట్టు.

"ఎలా అడిగినా జవాబు నేను అందించినట్టే అవుతుందండి," అన్నాను.

"మరి మీరున్నది ఎందుకండీ?" అన్నారు జడ్జిగారు. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు. కేసు వాయిదా పడింది.

గుడివాడలో ఇంటికొచ్చాక కూడా అదే ఆలోచన. మర్నాడు పొద్దున చెప్పులేసుకుంటూ, "వెళ్తున్నానోయ్," అన్నాను. "వెళ్ళిరండి," అంది మా ఆవిడ వంటింట్లోంచి. వెనక్కి వచ్చి, ఇప్పుడు నేను నిన్ను అనుమతి అడిగానా అన్నాను. ఆవిడ గరిటె పట్టుకునే బయటికొచ్చి నన్ను ఎగాదిగా చూసింది.

"ఎప్పుడైనా అడిగితే కదా తెలిసేది, అడిగితే ఎలా ఉంటుందో."

దాన్ని ఎటువైపు సాక్ష్యంగా తీసుకోవాలో తెలియక బస్టాండుకి వెళ్ళిపోయాను.

తర్వాతి వాయిదాకి జడ్జిగారు నన్ను అడగలేదు. ఆవిడతోనే, "రోజూ దొడ్లో ఎలా అనేవారో అలాగే ఒకసారి అనండమ్మా," అన్నారు.

"ఇక్కడాండీ?"

"ఇక్కడే."

ఆవిడ నెత్తిన తట్ట ఉన్నట్టే మెడ నిటారుగా పెట్టింది. ఎటూ తిరక్కుండా, "వెళ్తున్నా వదినా," అని కేకేసింది. గుమస్తా ఉలిక్కిపడ్డాడు. వెనక బెంచీ మీంచి, "వెళ్ళిరా," అని వినిపించింది. అనేశాక పక్కింటావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కేసు వేసినప్పట్నుంచీ వాళ్ళిద్దరికీ మాటల్లేవు.

అవతలి వకీలు వెంటనే లేచి, చూశారా అనుమతి ఇచ్చింది అన్నాడు. నాకైతే అది పలకరింపులాగే వినిపించింది. కాసేపటికి, వెళ్ళు అన్నదంటే ఇచ్చినట్టే కదా అనిపించింది. జడ్జిగారు మా ఇద్దరి వైపూ చూడకుండా ఏదో రాసుకున్నారు.

తీర్పులో దారి నిలిచింది. ఆవిడది అడగడం కాదు, చెప్పి వెళ్ళడమేనన్నారు. తట్టతో మనిషి నడిచేంత మేర గోడ కట్టకూడదన్నారు. వరండాలో నిలబడి ఆవిడకి చదివి వినిపించాను. "వాది ఎవరి అనుమతీ అడక్కుండా, హక్కుగా" అన్నచోట ఆపింది.

"ఆ ముక్క తీయించండి బాబాయిగారూ. దారి ఇచ్చారు, చాలు."

"ఆ ముక్క మీదే దారి నిలబడిందమ్మా."

ఆవిడ కాగితం వైపు, నా వైపు మార్చి మార్చి చూసింది.

"అయితే రేపట్నుంచి వెళ్తున్నా వదినా అనొచ్చా, అనకూడదా? అంటే మళ్ళీ అడిగినట్టవుతుందా?"

తీర్పు వచ్చాక ఒక పలకరింపుతో హక్కు పోదని చెప్పాలి. చెప్పబోయాను. అంతలో అవతలి వకీలు మొహం గుర్తొచ్చింది. రేపు మరో గొడవలో అదే మాట పట్టుకుంటే? అనొద్దని చెబుదామా అంటే, ఒకరి దొడ్లోంచి నోరు మూసుకుని వెళ్ళమని ఆవిడకి ఏ మొహంతో చెప్పను?

"తెలీదమ్మా," అన్నాను.

"పోనీ దగ్గుతాను. దగ్గితే అడిగినట్టు కాదు కదండీ?"

దగ్గు గురించి చట్టంలో ఏమీ లేదని చెప్పాను. ఆవిడ అక్కడే ఒకసారి దగ్గి చూసుకుంది. సరిగ్గా రాలేదో ఏమో, ఇంకోసారి దగ్గింది.