లేడీస్ డబ్బాలో చింతపండు తగువు

ఉద్యోగ విరమణకు ఇంకా రెండేళ్ళు ఉన్నాయనగా, చలికాలం మొదట్లో, నన్ను కోలారు జిల్లా కార్యాలయం నుంచి బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌కు డిప్యుటేషన్ మీద వేశారు. నా హోదా ప్రొబేషన్ అధికారి. ప్రొబేషన్ అంటే పరీక్షాకాలం. సర్వీసంతా ఆ మాట నా పేరు పక్కనుంచి కదల్లేదు కాబట్టి, ప్రభుత్వం నన్ను చివరిదాకా పాసు చేయలేదనే అనుకోవాలి.

అప్పగించిన పని ఇది. జిల్లాలో ఎప్పుడో మూతపడిన ఒక బాలికల వసతి గృహంలో పిల్లల్ని హింసించారని ప్రభుత్వం ఆలస్యంగానైనా ఒప్పుకుంది. అక్కడ పెరిగి ఇప్పుడు పెద్దవాళ్ళైన ఆడవాళ్ళు వచ్చి జరిగింది చెబితే, వాళ్ళకు పరిహారం, వైద్యం, కౌన్సెలింగ్ ఇప్పించాలి. ‘నీకు అన్యాయం జరిగింది’ అని సంతకం పెట్టిన పత్రం కూడా ఇవ్వాలి. అందుకొక జిల్లా కమిటీ వేశారు. వాళ్ళు చెప్పింది రాసి, చదివి వినిపించి, సంతకం తీసుకుని కమిటీకి పంపడం నా వంతు. దాన్నే వాంగ్మూలం అంటాం. నిబంధనల్లో ఒక వాక్యం ఉంది: వాంగ్మూలం గోప్యంగా, మూసిన గదిలో తీసుకోవాలి. చలికాలం పోయేలోగా రాని వాంగ్మూలాలు ఇక తీసుకోరు.

మా నాన్న చాంపియన్ రీఫ్స్ గనిలో దిగినవాడు. ఆయన తవ్వితే బంగారం వచ్చేది, నేను తవ్వితే ఫైళ్ళు వచ్చేవి. అయినా తవ్వడం మా రక్తంలోనే ఉందని కొత్తగా చేరిన ఉద్యోగుల దగ్గర గొప్పలు పోయేదాన్ని.

ఆ గొప్పలు ఎస్తేర్ దగ్గర సాగలేదు. ఎస్తేర్ అన్నది నేను పెట్టిన పేరు. ఇందులో మిగతా పేర్లూ అంతే. ఆ వసతి గృహంలో పెరిగిన ఆమె, ఇప్పుడు బెంగళూరులో ఒక గార్మెంట్స్ కంపెనీలో కుట్టుపని చేసేది. రోజూ పొద్దున రైలెక్కి పోయి, చీకటి పడ్డాక తిరిగొచ్చేది. మొదటిసారి సెలవు పెట్టుకుని నా ఆఫీసుకు వచ్చింది. నిబంధన ప్రకారం తలుపు వేశాను. మంచినీళ్ళు అడిగి తాగింది, పొయ్యి మీద పాలు పెట్టి మరిచానంది, వెళ్ళిపోయింది. రెండోసారి పాల బదులు ఇస్త్రీపెట్టె. మూడోసారి, కూర్చోకముందే తన చెప్పు ఒకటి విప్పి తలుపు సందులో పెట్టింది.

“మీరు మంచోళ్ళే మేడమ్,” అంది. “తలుపే మంచిది కాదు.”

ఆ గృహంలో సామాన్ల గది ఒకటి ఉండేదట. వార్డెన్ ఏ పిల్లను అందులోకి పిలిచినా, ముందు తలుపు వేసేదట. అంతవరకు చెప్పి ఆగిపోయింది.

పోనీ తలుపు తీసి మాట్లాడుదామంటే, బయట వరండా నిండా పింఛను కోసం వచ్చినవాళ్ళు. వాళ్ళలో ఒకావిడ ఎస్తేర్ అత్తగారికి పక్కింటి మనిషి. ఆవని అనే పల్లెలో మేనత్త దగ్గర పెరిగానని ఎస్తేర్ అత్తవారింట్లో చెప్పుకుంది. ఈ సంగతి పొక్కితే ఆమెకు మిగిలిన ఆ ఒక్క ఇల్లూ నిలవదు. చెప్పకపోతే, జరిగింది నిజమని ఒప్పుకునే మనిషి ఈ జన్మకు దొరకడు. తలుపు వేస్తే మాట రాదు, తీస్తే మాట దాగదు. నా చేతిలో ఉన్న ఉపాయాలు ఈ రెండే.

మూడోది ఆమే చెప్పింది. “సాయంత్రం రైల్లో రాండి మేడమ్. లేడీస్ డబ్బా. ఆడ తలుపులు ఎవురూ వెయ్యరు.”

పై అధికారికి ఫోన్ చేశాను. నిబంధనలో రైలు లేదు కదా అన్నారు. రైలు వద్దని కూడా లేదు సార్ అన్నాను. నీ పూచీ అన్నారు. ఆ మాట మా శాఖలో అనుమతి కింద లెక్క.

మరునాటి సాయంత్రం బెంగళూరులో, కేజీఎఫ్ మీదుగా పోయే మారికుప్పం రైలెక్కాను. లేడీస్ డబ్బా అంటే మూకుమ్మడి వంటిల్లు. అనపకాయల కాలం. ఆడవాళ్ళంతా ఒళ్ళో కాయలు పోసుకుని ఒలుచుకుంటున్నారు. దిగేసరికి రాత్రి కూరకు గింజలు సిద్ధం. ఆ గింజల్నే నానబెట్టి తొక్క పితికితే పితికిపప్పు. ఆ డబ్బాకు పెద్దదిక్కు పుష్పక్క, బెంగళూరు ఆసుపత్రిలో ఆయా. నన్ను ఎగాదిగా చూసింది.

“ఇది సీజన్ టికెట్టోళ్ళ జాగా మేడమ్. కొత్తోళ్ళు కూర్చోవాలంటే పని చెయ్యాల,” అంటూ నా ఒళ్ళో ఇన్ని కాయలు పోసింది. కాసేపు చూసి, “ఆఫీసరమ్మ చెయ్యి ఫైలు మాదిరి కదలతా ఉండాది,” అంది. డబ్బా అంతా నవ్వింది. ఎస్తేర్ కూడా నవ్వింది. ఆమె నవ్వగా నేను చూడడం అదే మొదటిసారి.

వైట్‌ఫీల్డ్ దాటాక, చేతిలో కాయ మీదినుంచి చూపు తీయకుండా, ఎస్తేర్ మొదలుపెట్టింది. సామాన్ల గది దగ్గరే మొదలుపెట్టింది. నాలుగు మాటలు చెప్పిందో లేదో, పక్క బెంచీలో పుష్పక్క గొంతు లేచింది.

“పితికిపప్పు చారులో చింతపండు ఏస్తారా యాడన్నా? ఎవురు నేర్పించినారే మేరీ నీకు?”

ఎదుట కూర్చున్న మేరీ ఊరుకునే మనిషి కాదు. “మా అత్త చేసిన చారు తింటే చెయ్యి నాకుతావు అక్కా. టమాటా ఏసి చెడగొట్టేది మీ మనుషులే.”

నాకు చిరాకేసింది. ఎస్తేర్ నోటికి చెవి ఆనించితే తప్ప వినబడడం లేదు. చారు గొడవ ఇప్పుడే రావాలా అనుకుంటూ తలెత్తి చూశాను. పుష్పక్క మేరీని చూడడం లేదు. మా వైపు వీపు పెట్టి, కొంగు పరిచి కూర్చుని, ఇటు వంగబోయిన ఒకామెను కళ్ళతో వెనక్కి నెడుతోంది. ఎస్తేర్ ఆగితే చింతపండు తగ్గింది. మళ్ళీ మొదలుపెడితే చింతపండు లేచింది.

మర్నాడూ అదే తగువు, మొదటినుంచీ, అవే మాటలతో. ఆ మర్నాడూ అంతే. వాళ్ళకు ఎవరూ ఏమీ చెప్పలేదు. పుష్పక్క ఏం విన్నదో, ఏం ఊహించిందో నాకు తెలియదు. నేను అడగలేదు.

విన్నది ఇంటికెళ్ళి రాసి, మరుసటి సాయంత్రం ఎస్తేర్ చెవిలో చదివేదాన్ని. తప్పుంటే దిద్దేది. రైలు కదులుతుంటే అక్షరం వణుకుతుంది కాబట్టి, బంగారుపేటలో ఆగినప్పుడు సంతకం పెట్టేది.

కమిటీ అధ్యక్షులు కాగితం చూసి కళ్ళద్దాలు తీశారు. స్థలం అన్నచోట ‘మారికుప్పం రైలు, లేడీస్ డబ్బా’ అని రాశాను. మూసిన గది ఏదని అడిగారు. ఇతరులు వినకూడదన్నదే నిబంధన ఉద్దేశమని మనవి చేశాను. ఎవరూ వినలేదని నీకెలా తెలుసన్నారు. నాకే సరిగా వినబడలేదు సార్ అన్నాను. సభ్యులు నవ్వారు. ఆయన నవ్వలేదు. అన్ని సాయంత్రాలూ ఎలా జరిగిందో వరసగా చెప్పించుకుని, తలుపు తెరిచి ఉంచి ఎస్తేర్‌ను పిలిపించారు. ఇది నీ మాటేనా అని ఒక్క ప్రశ్న అడిగారు. నాదే అంది. అంగీకరించినట్టు రాశారు.

పత్రం వచ్చాక రైల్లోనే ఇచ్చాను. అప్పటికి అనపకాయల కాలం అయిపోయింది. ఎస్తేర్ రెండుసార్లు చదివి, మడిచి, నా చేతిలోనే పెట్టింది. “ఇంట్లో యాడ పెట్టుకునేది మేడమ్. మీ కాడే ఉండనీండి.” కౌన్సెలింగ్‌కు మాత్రం కంపెనీ దగ్గరే ఒక చోటు కుదిర్చాను. దానికి వెళ్తానంది.

చాంపియన్ స్టేషన్ దగ్గరపడుతుంటే అంది: “ఒగటి అడుగుతాను, తప్పుగా అనుకోవద్దండి. ఇంగ మీరు ఈ డబ్బాలోకి రావద్దు. యాడన్నా కనపడినా పలకరించొద్దు. మిమ్మల్ని చూస్తే నాకు ఆ తలుపు గుర్తొస్తాది.”

సరేనన్నాను. ఆ పూట తగువు లేదు. 

ఇప్పుడు ఊరగాంలో పాత గని ఇళ్ళ వరసలో ఒక్కదాన్నే ఉంటున్నాను. తలుపు తీసే ఉంచుతాను, అదొక అలవాటైంది. దానివల్ల లోపలికి వచ్చేది ఎక్కువగా దుమ్మే. కళ్ళ డాక్టరు కోసం అప్పుడప్పుడు బెంగళూరు వెళ్తాను. ప్లాట్‌ఫారం మీద ఎస్తేర్ ఒకసారి కనిపించింది. నా పక్కనున్న కరెంటు స్తంభాన్ని చూసినట్టే నన్నూ చూసి వెళ్ళింది. ఒప్పందాన్ని ఇద్దరం బాగానే పాటిస్తున్నాం. నేను జనరల్ డబ్బా ఎక్కుతాను.

మొన్న ఎండాకాలం తిరిగి వస్తుంటే బంగారుపేటలో రైలు ఆగింది. ప్లాట్‌ఫారం నిండా మామిడి బుట్టలు. అనపకాయ మాటే ఎత్తని రోజులు. ముందున్న లేడీస్ డబ్బాలోంచి పుష్పక్క గొంతు వినిపించింది.

“పితికిపప్పు చారులో చింతపండు ఏస్తారా యాడన్నా?”

మేరీ గొంతు వెంటనే అందుకుంది.

ఆ గొంతుల చాటున ఎవరో మాట్లాడుతున్నారన్నమాట. ఎవరో, ఎవరితోనో నాకు తెలియదు. లేవబోయి, మళ్ళీ కూర్చున్నాను. రైలు కదిలేదాకా టమాటా, చింతపండు వినబడుతూనే ఉన్నాయి.

ఆ కేసు వల్ల నేను నేర్చుకున్నది చెప్పాలంటే ఇంతే. ఎక్కడ నోరు పెగులుతుందో చెప్పాల్సింది చెప్పుకునే మనిషే, రాసుకునే అధికారి కాదు. తరవాతి నిబంధనల్లో ‘మూసిన గది’ తీసేసి ‘ఆమెకు అనువైన చోటు’ అని రాశారని విన్నాను. పని ముగిశాక వాళ్ళ కంటికి కనపడకుండా ఉండడం కూడా ఈ ఉద్యోగంలో భాగమే. దాన్ని ఏ నిబంధనలోనూ రాయలేదు, దానికి పదవీ విరమణ కూడా లేదు.