వేలి కింద గోదావరి

ఖమ్మం నుంచి భద్రాచలం పోయే బస్సులో నా పక్క సీటులో కూర్చున్నామెకు చూపు లేదు. ఒళ్లో మందపాటి అట్ట పెట్టుకుని దాని మీద వేలు నడిపిస్తోంది.

"ఏందక్కా ఇది?" అని అడిగాను.

"మన దిక్కు మ్యాపు. చెయ్యి పెట్టి చూడమ్మా."

గరుకు కాగితం అంటించిన చోటు అడవి. ఉబ్బెత్తు చుక్కల వరుస మా బస్సు పోయే దారి. దానికి అడ్డంగా అతికించిన దారం గోదావరి. చూపు లేని పిల్లల బడిలో తాను టీచరునని, పుస్తకంలోని బొమ్మలను ఇలా చేతికి తెలిసేటట్టు చేస్తానని చెప్పింది.

పాల్వంచ దాటాక ఆమె వేలు గరుకు కాగితం మీదికి పోయింది. వంతెన ఎక్కగానే బస్సు చప్పుడు మారింది. వేలు దారం ఎక్కి, వెంటనే దిగిపోయింది. బస్సు మాత్రం ఇంకా నది మీదే ఉంది. చప్పుడు మళ్లీ మారేదాకా ఆమె ఊపిరి బిగబట్టి విన్నది.

"ఇంత సన్నగ పెట్టిన. పిల్లలు కాలువ అనుకుంటరు," అంటూ గోరుతో దారాన్ని ఊడదీసింది. గోదావరి మొత్తం ఆమె పిడికిట్లోకి వచ్చేసింది.

భద్రాచలంలో దిగాక నా మోచెయ్యి పట్టుకుని అడిగింది.

"వాపసు పోయే బస్సు ఏడ ఆగుతదమ్మా? నది కోసమే వచ్చిన. ఇంకోసారి దాటాలె."

చిన్నప్పటి నుంచి నేను దాటుతున్న వంతెనే అది. ఇప్పుడు దాని మీదికి రాగానే కళ్లు మూసుకుంటాను. అవతలి ఒడ్డు దాకా ఎన్నడూ ఆగలేకపోయాను. నది మధ్యలోనే తెరిచేస్తాను.